కారు లోపలి లైటు ఆరడం లేదా? ముందు తలుపుల సంగతి చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. తలుపులన్నీ వేశాం, తాళం వేశాం, లోపల లైటు మాత్రం వెలుగుతూనే ఉంది, పొద్దున్నే సెల్ఫ్ కొట్టడం లేదు. వానలు మొదలయ్యాక ఈ బాధ పెరగడం మామూలే. అందుకని మైలేజీ ప్రశ్నలు, టైర్ల ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి మొత్తం ఈ లైటు మీదే మాట్లాడుకుందాం.

ప్రశ్న: నమస్తే అండి. మాది ఎనిమిదేళ్ళ హ్యాచ్‌బ్యాక్. ఈమధ్య పైకప్పు లైటు ఆరడం మానేసింది. తలుపులు గట్టిగా వేసి చూశాను, లాభం లేదు. మిగతావన్నీ, అద్దాలు, హారను, సెంట్రల్ లాకింగు బాగానే పనిచేస్తున్నాయి. మా వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ చూసి బీసీఎం పోయింది, కొత్తది వెయ్యాలి అన్నాడు. ఖరీదు విని గుండె గుభేలుమంది. ప్రస్తుతానికి బల్బు పీకేసి తిరుగుతున్నాను. నిజంగా అది మార్చాల్సిందేనా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ పని ఇప్పుడే ఒప్పుకోకండి. బీసీఎం అంటే లైట్లు, తాళాలు, అద్దాలు, వైపర్లు లాంటివాటిని నడిపే ఎలక్ట్రానిక్ డబ్బా. అది పాడవదని కాదు. నీళ్ళు దిగితే పాడవుతుంది, వైరింగులో ఎవరో చెయ్యి పెట్టి షార్ట్ చేస్తే పాడవుతుంది. కానీ అది చెడితే ఒక్క లైటుతో ఊరుకోవడం తక్కువ, అద్దాలో హారనో తాళాలో ఏదో ఒకటి దానితో పాటు తిక్కతిక్కగా చేస్తుంది. మీ బండిలో అవన్నీ బాగున్నాయని మీరే రాశారు. అంటే ఏదో ఒక తలుపు తెరిచి ఉందని ఆ డబ్బాకు కబురు అందుతోంది, అది నమ్మి లైటు వేస్తోంది. ఆ తప్పుడు కబురు ఏ తలుపు నుంచి వస్తోందో పట్టుకుంటే మీ పని ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

ముందు బల్బు మళ్ళీ పెట్టండి, అది లేకుండా వెతకలేం. లైటు పక్కన ఉండే స్విచ్చికి సాధారణంగా మూడు స్థానాలు ఉంటాయి. ఒకవైపు ఎప్పుడూ వెలుగుతుంది, ఇంకోవైపు ఎప్పుడూ వెలగదు, మధ్యలో పెడితే తలుపును బట్టి వెలిగి ఆరుతుంది. వెనక సీట్లో పిల్లలు కూర్చునే ఇళ్ళలో అది ఎటువైపు ఉందో చూడకుండా మెకానిక్ దగ్గరికి వెళ్ళకండి. సన్ వైజర్ వెనక అద్దం ఉండి, దాని పక్కన చిన్న లైటు ఉంటే ఆ అద్దం మూత కూడా వేసి ఉందో లేదో చూడండి. ఇది చెబితే నవ్వుతారు గానీ, ఈ కారణంతో వచ్చే బళ్ళు ఉన్నాయి.

స్విచ్ మధ్యలోనే ఉంటే, అన్ని తలుపులు వేసి, రిమోట్‌తో లాక్ చేసి, బయట నిలబడి ఒక నిమిషం ఓపిక పట్టండి. ఇప్పటి బళ్ళలో తలుపు వెయ్యగానే లైటు ఆరదు, కొన్ని సెకన్లు, కొన్నింటిలో అర నిమిషం దాకా వెలిగి మెల్లగా తగ్గుతూ ఆరుతుంది. అది లోపం కాదు, అలాగే తయారుచేశారు. నిమిషం దాటినా వెలుగుతుంటే, లేదా లాక్ నొక్కగానే బండి లాక్ అవ్వకుండా బీప్ అని అరిస్తే, ఏదో తలుపు తెరిచి ఉందనే బండి అనుకుంటోంది.

ఇప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్ల దగ్గర తలుపు తెరిచిన కారు బొమ్మ వెలుగుతోందేమో చూడండి. కొన్ని మోడళ్ళలో ఏ తలుపో కూడా చూపిస్తుంది, అదృష్టం. బొమ్మ వెలుగుతుంటే అనుమానం తలుపు మీదే. బొమ్మ వెలగకుండా లైటు మాత్రం వెలుగుతుంటే అనుమానం లైటు స్విచ్ మీదా, దాని వైరు మీదా. ఈ ఒక్క గుర్తుతో సగం తిప్పలు తప్పుతాయి, పైగా పైసా ఖర్చు లేదు.

మీ ఎనిమిదేళ్ళ బండిలో తలుపు స్విచ్ బయటికి కనిపించకపోవచ్చు. పాత బళ్ళలో తలుపు పక్కన స్తంభం మీద నల్ల రబ్బరు తొడుగుతో ఒక పిన్ను కనిపించేది. ఇప్పుడు చాలా మోడళ్ళలో దాన్ని తీసుకెళ్ళి తలుపు తాళం యంత్రం లోపలే చిన్న స్విచ్చిగా పెట్టేశారు. తలుపు తెరిచి దాని అంచు చూస్తే కొక్కెం లాంటి ఇనుప ముక్క ఉంటుంది కదా, తలుపు వేసినప్పుడు బాడీకి ఉన్న ఇనుప వంపును పట్టుకునేది అదే. ఆ కొక్కెం తిరిగి పట్టుకుందో లేదో లోపలి స్విచ్ చెబుతుంది. ఏళ్ళ తరబడి దుమ్ము, పాత గ్రీజు కలిసి అక్కడ జిడ్డులా గట్టిపడతాయి. వానాకాలం దానికి తేమ తోడవుతుంది. కొక్కెం తిరుగుతుంది, తలుపు పడుతుంది, కానీ లోపలి స్విచ్ మాత్రం పూర్తిగా కదలదు. మీరు తలుపు ఎంత గట్టిగా బాదినా లాభం లేనిది అందుకే.

పరీక్ష ఇలా చెయ్యండి. డ్రైవర్ తలుపు తెరిచి ఉంచి, స్క్రూడ్రైవర్‌తో ఆ కొక్కేన్ని లోపలికి నెట్టండి, టక్ టక్ అని రెండుసార్లు చప్పుడు రావాలి. ఒక్కసారే వస్తే సగమే పట్టిందని అర్థం. తలుపు తెరిచి ఉన్నా, మూసేసిందని ఇప్పుడు బండి అనుకోవాలి. మీటర్లలో బొమ్మ ఆరిందా చూడండి. ఆరకపోతే స్క్రూడ్రైవర్‌తో తాళం మీద నెమ్మదిగా తట్టండి, తట్టినప్పుడు లైటు మినుకుమంటే దొంగ దొరికినట్టే. అలా ఒక్కో తలుపూ చూస్తూ రండి, డిక్కీని మర్చిపోకండి, హ్యాచ్‌బ్యాక్‌లో డిక్కీ కూడా ఒక తలుపే, చాలామంది నాలుగు తలుపులూ చూసి అక్కడే ఆగిపోతారు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: పరీక్ష అయ్యాక బయటి హ్యాండిల్ లాగి కొక్కెం మళ్ళీ విడిపించాకే తలుపు వెయ్యాలి. కొక్కెం మూసుకుని ఉండగా తలుపు వేస్తే ఇనుముకు ఇనుము తగిలి తాళం వంగుతుంది, అప్పుడు నిజంగానే ఖర్చు.

దొరికిన తలుపుకి మందు శుభ్రం చెయ్యడమే. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ అని స్ప్రే డబ్బా దొరుకుతుంది, కొన్ని వందల రూపాయలే. సన్న గొట్టం పెట్టి కొక్కెం సందులోకి బాగా కొట్టి, కొక్కేన్ని చేత్తో పదేపదే మూసి తెరవాలి. నల్లటి మురికి కారుతుంది, గుడ్డతో తుడిచి మళ్ళీ కొట్టండి. ఆరాక తెల్ల గ్రీజు కొద్దిగా పెట్టండి. డబ్ల్యూడీ-40 అనే స్ప్రే ఒక్కటే కొట్టి వదిలేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, తర్వాత కథ మళ్ళీ మొదటికి వస్తుంది, ఎందుకంటే అది తుప్పు వదిలించడానికి, తేమ తరమడానికి మంచిదే గానీ ఎక్కువ కాలం నిలిచే గ్రీజు కాదు. ఇంట్లో ఉన్న కొబ్బరి నూనె, పాత ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు, దుమ్మును పిలిచి కూర్చోబెడతాయి.

రెండు మూడు సార్లు శుభ్రం చేసినా బాగుపడకపోతే ఆ తలుపు లాక్ మార్చాలి, స్విచ్ విడిగా దొరకడం కష్టం, లాకుతో కలిసే వస్తుంది. మార్చే ముందు ఇంకొక్క చోటు చూడండి. తలుపుకూ బాడీకీ మధ్య నల్ల రబ్బరు గొట్టం ఉంటుంది, వైర్లన్నీ అందులోంచే వెళతాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ అవి వంగుతాయి, ఏళ్ళు గడిస్తే లోపల తెగుతాయి లేదా తొడుగు ఊడి ఒకదానికొకటి తగులుతాయి. గొట్టాన్ని కొంచెం వెనక్కి జరిపి వైర్లను కదిపి చూస్తే తెలుస్తుంది. డ్రైవర్ తలుపూ డిక్కీ, ఈ రెండూ ఎక్కువగా తెరిచేవి కాబట్టి అక్కడే ముందు తెగుతాయి. ఇవన్నీ చూసి, ఏ తలుపులోనూ ఏమీ దొరక్కపోతే అప్పుడు బీసీఎం గురించి మాట్లాడుకోవచ్చు, అది కూడా సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి, ఏ తలుపు తెరిచి ఉన్నట్టు చూపిస్తోందో మీ కళ్ళతో మీరు చూశాకే.

ప్రశ్న: మాస్టారూ, నాది పాత మారుతీ, సముద్రానికి దగ్గరలో ఇల్లు. తలుపు పక్కన పిన్ను ఉన్న రకమే. పిన్ను వేలితో నొక్కితే ఒక్కోసారి లైటు ఆరుతుంది, ఒక్కోసారి ఆరదు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీది అన్నిటికంటే తేలిక. ఆ బల్బుకి ఫ్యూజు నుంచి కరెంటు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. దానికి కావాల్సింది బాడీ ఎర్తు, అంటే కరెంటు బండి ఇనుప బాడీ గుండా తిరిగి బ్యాటరీకి చేరే దారి. తలుపు తెరిస్తే పిన్ను బయటికొచ్చి ఎర్తు కలుపుతుంది, తలుపు వేస్తే పిన్ను లోపలికి వెళ్ళి విడిపోతుంది. అంతే యంత్రాంగం. ఉప్పు గాలికి ఆ పిన్ను తుప్పు పడుతుంది, తుప్పు రెండు రకాలుగానూ ఏడిపిస్తుంది: కొన్నిసార్లు ఎర్తు అందక లైటే వెలగదు, కొన్నిసార్లు లోపల తడి, పచ్చటి పొడి చేరి పిన్ను నొక్కినా ఎర్తు విడిపోదు. మీది రెండో రకం.

ఒక్క స్క్రూ ఉంటుంది, విప్పి స్విచ్ మెల్లగా బయటికి లాగండి. వెనక ఒకే వైరు ఉంటుంది. ఆ వైరు పీకగానే అది స్తంభం లోపలికి జారిపోతుంది, తర్వాత దాన్ని పట్టుకోవడానికి అరగంట పడుతుంది, అందుకని పీకే ముందే వైరుకి ఒక టేపు ముక్క చుట్టి బాడీకి అంటించండి. వైరు పీకితే లైటు ఆరిందా? స్విచ్ పోయినట్టే, కొత్తది వెయ్యండి, చవకే. అప్పటికీ వెలుగుతోందా? ఆ వైరు ఇంకెక్కడో బాడీకి తగులుతోంది, లేదా వేరే తలుపు పిన్ను కారణం.

స్విచ్ బాగానే ఉండి, చేత్తో పూర్తిగా నొక్కితే ఆరి, తలుపు వేస్తే మాత్రం ఆరకపోతే గొడవ తలుపుకూ పిన్నుకూ మధ్య ఉన్న దూరంలో ఉంది. డెంటింగు పెయింటింగు చేయించుకున్న బళ్ళలో ఇది ఎక్కువ. తలుపు కొంచెం బయటికి కూర్చుంటుంది, పిన్నుని చివరిదాకా నొక్కదు. లేదా తలుపు మీద పిన్ను తగిలే చోట ఉండాల్సిన చిన్న ప్లాస్టిక్ బిళ్ళ ఊడిపోయి ఉంటుంది. అక్కడ గట్టి రబ్బరు ముక్క ఒకటి అంటిస్తే సరిపోతుంది. చూడ్డానికి బాగోదు గానీ ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. పిన్ను మీద రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అది కూడా మార్చండి, మీ ఊరి గాలికి అదే అసలు రక్ష.

ప్రశ్న: అన్నా, కారులో పసుపు బల్బు తీసేసి తెల్ల ఎల్‌ఈడీ వేసిన. వెలుతురు మస్తుంది కానీ స్విచ్ ఆఫ్ చేసినా సన్నగా మెరుస్తనే ఉంది. చీకట్ల చూస్తే కనపడుతది. బ్యాటరీ దిగుతదా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: దిగదు తమ్ముడూ, ఆ మెరుపుకి పోయే కరెంటు చాలా కొద్ది. పాత బల్బులో తీగ వేడెక్కి ఎర్రబడితే గానీ వెలుతురు రాదు, దానికి కరెంటు గట్టిగానే కావాలి. ఎల్‌ఈడీకి కొన్ని మిల్లీయాంప్‌లు చాలు. ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కొన్ని బళ్ళలో ఆ వైర్లలో కొద్దిపాటి కరెంటు తిరుగుతుంది, బల్బు పాడైందా లేదా అని చూసుకోవడానికో, మెల్లగా ఆరే సర్క్యూట్ వల్లో. అది పాత బల్బుని కదిలించలేదు, ఎల్‌ఈడీని మాత్రం వెలిగించేస్తుంది.

నీకు అది కంటికి గుచ్చుకుంటుంటే ఆ కొద్దిపాటి కరెంటుని తానే మింగేసే రెసిస్టర్ లోపలే ఉన్న రకం దొరుకుతుంది, దుకాణంలో క్యాన్‌బస్ ఎల్‌ఈడీ అని అడుగు. కాకపోతే రెసిస్టర్ వేడెక్కుతుంది, పైనున్న ప్లాస్టిక్ మూతకి ఆనుకోకుండా చూసుకో. అసలు నన్నడిగితే మామూలు ధర ఎల్‌ఈడీలు కొని ఇలా తిప్పలు పడే కన్నా కంపెనీ ఇచ్చిన బల్బే మేలు, కారులో చదువుకుంటామా ఏమన్నానా. ఇంకో మాట, ఎల్‌ఈడీ వేసిన రోజు అసలు వెలగకపోతే పాడైందని పారెయ్యకు, తిప్పి పెట్టి చూడు, వాటిలో కొన్నింటికి ప్లస్ మైనస్ ఉంటాయి.

ప్రశ్న: రాత్రంతా లోపలి లైటు వెలిగితే బ్యాటరీ పూర్తిగా పోతుందా? ఎంతసేపటికి సెల్ఫ్ కొట్టకుండా పోతుంది? మా ఇంట్లో దీని మీద పెద్ద వాదన జరుగుతోంది.
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: వాదన తీర్చేద్దామమ్మా, చిన్న లెక్కే. చిన్న పెట్రోలు కార్లలో సాధారణంగా 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది, అంటే ఒక ఆంపియర్ చొప్పున తీస్తే 35 గంటలు వచ్చే నిల్వ. పైకప్పు బల్బు 10 వాట్లదైతే, 12 వోల్టుల మీద గంటకి 0.8 ఆంపియర్ అవర్ల చొప్పున తింటుంది. పది గంటల రాత్రికి 8 ఆంపియర్ అవర్లు. అంటే బ్యాటరీలో నాలుగో వంతు కూడా పోలేదు. కొత్త బ్యాటరీ అయితే పొద్దున్నే కొంచెం బద్ధకంగా అయినా సెల్ఫ్ తీసుకుంటుంది. శుక్రవారం రాత్రి ఊరెళ్ళి సోమవారం పొద్దున వస్తే మాత్రం 60 గంటలు, దాదాపు 50 ఆంపియర్ అవర్లు, అంటే ఉన్నదాని కంటే ఎక్కువ, పూర్తిగా డౌన్. బల్బు 5 వాట్లదైతే ఇందులో సగం వేసుకోండి.

అయితే ఇది కాగితం మీది లెక్క. మన ఎండలకి బ్యాటరీ మూడు నాలుగేళ్ళకే నీరసపడుతుంది, పైకి 35 అని రాసి ఉన్నా లోపల అంత ఉండదు, అలాంటిది ఒక్క రాత్రికే చేతులెత్తేస్తుంది. పైగా కొత్త బళ్ళలో తలుపు తెరిచి ఉందనుకుంటే లైటు ఒక్కటే కాదు, బండిలోని కంప్యూటర్లు కూడా నిద్రపోకుండా మేలుకుని కూర్చుంటాయి, అవి తినేది బల్బు కంటే ఎక్కువ కావచ్చు. బల్బు పీకేస్తే గొడవ వదిలినట్టు కాదని అందుకే అంటాను. రాజమహేంద్రవరం పాఠకుడు కూడా ఇది గమనించాలి.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే బండి కొన్ని గంటలు ఆపి ఉంచాక బ్యాటరీ మీద పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 దగ్గరికొస్తే సగం అయిపోయినట్టు, 12 కంటే తక్కువైతే ఇక ఛార్జర్ పెట్టించాల్సిందే. పూర్తిగా డౌన్ అయిన బ్యాటరీని ఇంటి ముందు ఇంజన్ ఆన్ చేసి పది నిమిషాలు వదిలేస్తే నిండదు. కనీసం అరగంట పైన రోడ్డు మీద తిప్పాలి, అంతకన్నా బ్యాటరీ షాపులో ఒక రాత్రి ఛార్జింగ్ పెట్టించడం మంచిది. అలా పూర్తిగా డౌన్ అయిన స్థితిలో రోజుల తరబడి వదిలేస్తే లోపలి ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, మళ్ళీ ఛార్జ్ చేసినా పూర్వపు బలం రాదు.

వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు అరువు తెచ్చుకోవడానికి జంపర్ కేబుల్స్ వేసేటప్పుడు వరస ముఖ్యం. ఎర్ర వైరు ముందు డౌన్ అయిన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి. నల్ల వైరు మంచి బ్యాటరీ మైనస్‌కి, దాని రెండో కొన మాత్రం డౌన్ అయిన బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుప భాగానికి, బ్యాటరీకి దూరంగా. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది, ఆఖరి క్లిప్పు తగిలేటప్పుడు చిన్న నిప్పురవ్వ లేస్తుంది, ఆ రెండూ ఒక చోట కలవకూడదు. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తిరగా. ఇక తోసి స్టార్ట్ చెయ్యడం గేర్లున్న మామూలు బళ్ళకే. 2014లో సెలెరియోతో మన దగ్గరికొచ్చిన ఏఎంటీ రకం (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే మారే) బళ్ళలో క్లచ్‌ని నడిపేది కూడా కరెంటే, తోసి లాభం లేదు. ఆటోమేటిక్‌లు కూడా అంతే.

ప్రశ్న: అన్నగారూ, మేము డల్లాస్‌లో ఉంటాం. ఈమధ్య సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్ కొన్నాను. లోపలి లైట్లన్నీ వెలుగుతూనే ఉన్నాయి. మీటర్లలో డోర్ గుర్తు లేదు. డీలర్ డయాగ్నొస్టిక్ ఫీజు అడుగుతున్నాడు.
– ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: ఫీజు కట్టే ముందు హెడ్‌లైట్ స్విచ్ దగ్గర మీటర్ల వెలుతురు తగ్గించే చిన్న చక్రం ఉంటుంది, చూడండి. ఫోర్డ్, జీఎం ట్రక్కుల్లో చాలావాటికి ఆ చక్రాన్ని పైకి చివరిదాకా తిప్పితే టిక్కుమని లోపలి లైట్లన్నీ వెలుగుతాయి. తుడిచేటప్పుడో మోకాలు తగిలో అది తిరిగిపోతుంది. మన దేశంలో బళ్ళకి ఈ అలవాటు తక్కువ కాబట్టి ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళకి తట్టదు. ఒక గీత కిందికి దించండి. జీఎం బళ్ళలో కొన్నింటికి డోమ్ ఓవర్‌రైడ్ అని విడిగా బటన్ కూడా ఉంటుంది. అది కూడా కాకపోతే పైన చెప్పిన కొక్కెం పరీక్ష మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: కారులో ఏ లైటూ వెలగడం లేదు. అయినా నాలుగు రోజులు తియ్యకపోతే బ్యాటరీ డౌన్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడతాను. బ్యాటరీ మార్చి ఏడాది కూడా కాలేదు. ఎవరికి చూపించినా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ అంటారు, బ్యాటరీ అంటారు, టెన్షన్ మాత్రం పోవడం లేదు.
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీకు కనిపించే లైట్లు వెలగడం లేదు, కనిపించనివి ఉన్నాయి కదా. డిక్కీలో లైటు, డ్యాష్‌బోర్డ్ అరలో లైటు. రెండూ మూత వేశాకే ఆరాలి, వేశాక ఆరాయో లేదో చూసేవాడు లేడు. ఫోన్‌లో వీడియో రికార్డింగ్ ఆన్ చేసి డిక్కీలో పెట్టి మూసి, రెండు నిమిషాల తర్వాత తీసి చూడండి. డ్యాష్‌బోర్డ్ అరకీ అలాగే. వీడియో చీకటిగా ఉంటే మంచిదే, వెలుతురు కనిపిస్తే అక్కడే ఆగండి, ఇంక ఎక్కడా వెతకక్కర్లేదు. డిక్కీ లైటు చిన్న బల్బే అయినా, రోజుకి 24 గంటలు వెలిగితే నాలుగు రోజుల్లో మీరు చెప్పిన కథే జరుగుతుంది.

అవి కాకపోతే మీరు బయట వేయించినవి గుర్తు చేసుకోండి. డ్యాష్‌క్యామ్, సీట్ల కింద రంగు లైట్లు, బయటి సెక్యూరిటీ సిస్టమ్, ఇలాంటివి బిగించేవాళ్ళు ఎక్కువమంది పైకప్పు లైటు వైరు నుంచే కరెంటు లాగుతారు, ఎందుకంటే అక్కడ కరెంటు ఎప్పుడూ ఉంటుంది, పైకప్పు గుడ్డ కొంచెం లాగితే చేతికి అందుతుంది. ఎప్పుడూ కరెంటు ఉండడమే కదా అసలు సమస్య. డ్యాష్‌క్యామ్ ఇగ్నిషన్ ఆఫ్ చేశాక కూడా ఆన్‌లోనే ఉందేమో చూడండి.

కీలెస్ బండి (తాళం చెవి జేబులో ఉంటే చాలు, తిప్పక్కర్లేని రకం) అయితే, తాళం చెవి బండికి దగ్గరలో ఉన్నా, పార్కింగ్ పైనే మొదటి అంతస్తులో మీ ఫ్లాట్ ఉండి దాన్ని గుమ్మం దగ్గర కొక్కేనికి తగిలించే అలవాటు ఉన్నా, కొన్ని మోడళ్ళలో బండి ఆ తాళంతో మాట్లాడుతూ మేలుకునే ఉంటుంది. వేరే గదిలో పెట్టి వారం చూడండి. ఇక సెల్లార్ అన్నారు కాబట్టి ఎలుకలు. అవి వైరు తొడుగు కొరికితే తీగ బాడీకి తగులుతుంది. బానెట్ ఎత్తి ఎలుక పెంటికలు, కొరికిన ముక్కలు ఉన్నాయేమో చూడండి. పొగాకు ఆకులు కట్టేవాళ్ళున్నారు, నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు, బండి రెండు రోజులకోసారి కదిలించడం అంతకన్నా బాగా పనిచేస్తుంది.

ఇవేవీ కాకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌తో బ్యాటరీ వైరు విప్పించి మధ్యలో మీటర్ పెట్టించి, ఆపి ఉన్న బండి ఎంత కరెంటు తింటోందో చూడమనండి. తాళం వేసి అరగంట ఆగాక 50 మిల్లీయాంప్‌ల లోపు ఉంటే మామూలే. అంతకంటే బాగా ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజు పీకుతూ ఏది పీకితే పడిపోతుందో చూస్తే దారి దొరుకుతుంది. ఆ పని చెయ్యకుండా ఆల్టర్నేటర్ మార్చాలి అనేవాళ్ళ మాట వినకండి.

ప్రశ్న: ఇంత గొడవెందుకు, ఆ లైటు ఫ్యూజు పీకేస్తే అయిపోతుంది కదా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: ఒక రాత్రికి పీకండి, తప్పు లేదు. కానీ ఆ ఫ్యూజు మీద లైటు ఒక్కటే ఉండదు. చాలా బళ్ళలో గడియారం, స్టీరియో మెమరీ, సెంట్రల్ లాకింగు, స్కానర్ పెట్టే సాకెట్ అన్నీ దాని మీదే నడుస్తాయి. పీకాక రిమోట్ పనిచెయ్యడం లేదని ఇంకో ఫిర్యాదుతో నాకే ఉత్తరం రాస్తారు. హ్యుందాయ్, కియా బళ్ళు కొన్నింటిలో ఫ్యూజు బాక్స్ దగ్గర మెమరీ ఫ్యూజు అని చిన్న స్విచ్ ఉంటుంది, బండి నెలల తరబడి ఆపి ఉంచేటప్పుడు వాడమని ఇచ్చింది అది. సర్వీసు నుంచి వచ్చాక లోపలి లైట్లు, స్టీరియో రెండూ చచ్చిపోతే ముందు దాన్నే చూడండి, ఎవరో ఆఫ్ చేసి మర్చిపోయి ఉంటారు.

ప్రశ్న: సార్, ఆపి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. రోడ్డు మీద గతుకుల్లో వెళుతుంటే లోపలి లైటు వెలిగి ఆరుతోంది. వెనక పిల్లలు అది ఆట అనుకుంటున్నారు. స్విచ్ ఆఫ్‌లో పెట్టేశాను, సరిపోతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్గొండ

జవాబు: సరిపోదండీ, దయచేసి ఆఫ్‌లో పెట్టకండి. ఈ నెల వచ్చినవాటిలో నేను అన్నిటికంటే ముందు చదవాల్సిన ఉత్తరం మీదే. మిగతావాళ్ళకి బండి తలుపు తెరిచి ఉందని అబద్ధం చెబుతోంది, మీ బండి నిజం చెబుతూ ఉండొచ్చు. తలుపు తాళానికి రెండు మెట్లు ఉంటాయి, మొదటి మెట్టు మీద ఆగితే తలుపు ఊడిరాదు గానీ గట్టిగా కూడా కూర్చోదు, గతుకులో కదులుతుంది, కదిలినప్పుడల్లా లైటు వెలుగుతుంది.

బండి ఆపి ఒక్కో తలుపునీ బయటి నుంచి అరచేత్తో లోపలికి నొక్కి చూడండి. ఇంకో టక్ వినిపిస్తే అది సగమే పట్టి ఉంది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ ఎక్కడైనా ఊడి మడతపడిందా చూడండి, సీటు బెల్టు బకిల్ సందులో ఇరుక్కుని ఉంటుంది ఒక్కోసారి. ఇవి లేకపోతే బాడీకి ఉన్న ఇనుప వంపు వదులై ఉంటుంది, దాని స్క్రూలు కొంచెం సడలించి లోపలికి జరిపి మళ్ళీ గట్టిగా బిగించాలి. డెంటింగ్ పని తెలిసినవాడు పది నిమిషాల్లో చేస్తాడు. గతంలో ఆ వైపు బండి ఎక్కడైనా తగిలి ఉంటే అది కూడా అతనికి చెప్పండి. అంతవరకు పిల్లల్ని ఆ తలుపు పక్కన కూర్చోబెట్టకండి, చైల్డ్ లాక్ వేసి ఉంచండి, లైటు స్విచ్ తిరిగి మధ్యలోకి పెట్టండి, ఏ తలుపు వైపు గతుకొస్తే వెలుగుతోందో అది మీకే చూపిస్తుంది.